పేరుకు సత్యధర్మం వర్తిస్తుందా?

విషయం

ఒక ఫంక్షన్ చేసే పనిని యథాతథంగా ఉంచి, దాని పేరు మాత్రం మార్చడం రీఫ్యాక్టరింగ్‌లో అతి చిన్న ప్రక్రియ. బయటికి కనబడే ప్రవర్తన మారకుండా ప్రోగ్రాం లోపలి నిర్మాణాన్ని బాగుచేయడాన్నే రీఫ్యాక్టరింగ్ అంటారు. 1999లో మార్టిన్ ఫౌలర్ ఇదే పేరుతో వెలువరించిన పుస్తకంలో వివరించిన పద్ధతుల్లో పేరు మార్చడం ఒకటి. సమాచారాన్ని డిస్కుల మీద భద్రపరిచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో, ముఖ్యంగా లైనక్స్ కెర్నెల్‌లోని బ్లాక్ లేయర్‌లోనూ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోనూ, ఇలాంటి మార్పులు పలుమార్లు జరిగాయి. భారతీయ దర్శనాలు చాలాకాలం చర్చించిన ఒక ప్రశ్నకు ఇవి మంచి ఉదాహరణలు. పేరు సత్యం గానీ అసత్యం గానీ కాగలదా? కాగలిగితే దాన్ని సత్యంగా నిలిపే బాధ్యత ఎవరిది?

వీటిలో ప్రధానమైన ఉదాహరణ లైనక్స్‌లోది. 1991 డిసెంబరులో వచ్చిన 0.11 వెర్షన్‌లో 'మేక్_రిక్వెస్ట్' అనే ఫంక్షన్ ఉండేది. డిస్క్ నుంచి చదవవలసిన లేదా డిస్క్ మీద రాయవలసిన ఒక బఫర్‌ను అది అందుకునేది. 32 గదులున్న పట్టికలో ఖాళీ గది వెతికి, ఏ పరికరం, ఏ సెక్టార్, చదవడమా రాయడమా అన్న వివరాలు నింపి, ఆ గదిని వరుసలో చేర్చేది. చదివే పనులు ఆగిపోకూడదని పట్టికలో చివరి మూడోవంతు వాటికే వదిలేవారు. అలా నింపిన గదినే 'రిక్వెస్ట్' అనేవారు. పేరు ఏమి చెప్పిందో ఫంక్షన్ అదే చేసింది: రిక్వెస్ట్‌ను తయారుచేసింది.

2001 జనవరిలో 2.4 వెర్షన్ వచ్చేనాటికి ఈ పని రెండుగా చీలింది. 'జెనెరిక్_మేక్_రిక్వెస్ట్' అనే పై ఫంక్షన్ పరికరం ఏదో తెలుసుకుని, ఆ పరికరపు క్యూకు చెందిన మరో ఫంక్షన్‌కు పనిని అప్పగించేది. మామూలు డిస్కు అయితే రిక్వెస్ట్ తయారయ్యేది ఆ కింది ఫంక్షన్‌లోనే. అనేక డిస్కులను ఒకటిగా చూపే రెయిడ్ వంటి వాటిలో ఆ కింది ఫంక్షన్ కూడా రిక్వెస్ట్ తయారుచేయదు, పనిని అసలు డిస్కుల వైపు మళ్లిస్తుంది. అదే ఏడాది చివర 2.5.1 వెర్షన్‌లో 'బయో' అనే కొత్త నిర్మాణం వచ్చి, ఈ దారిలో పాత బఫర్ స్థానం తీసుకుంది. 2007లో ఇంకో మార్పు జరిగింది. పరికరాలను ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు ఈ ఫంక్షన్ తనను తాను మళ్లీ మళ్లీ పిలుచుకుని కెర్నెల్ స్టాక్‌ను నింపేయకుండా, లోపలి నుంచి వచ్చిన పిలుపును ఒక జాబితాలో చేర్చి వెంటనే వెనుదిరిగేలా చేశారు. జాబితాలో ఉన్న బయోలను మొదటి పిలుపే తర్వాత ఒక్కొక్కటిగా తీసి పంపుతుంది.

ఈ మార్పుల్లో ప్రతిదానికీ తగిన కారణం ఉంది, ఏదీ పొరపాటు కాదు. కానీ వాటన్నిటి తర్వాత 'జెనెరిక్_మేక్_రిక్వెస్ట్' రిక్వెస్ట్‌ను తయారుచేసేది కాదు. బయోను పరీక్షించి, కింది పరికరానికి అందజేసేది. పాత పేరు మాత్రం అలాగే నిలిచింది. 2020లో, 5.9 వెర్షన్ కోసం, కెర్నెల్ డెవలపర్ క్రిస్టాఫ్ హెల్విగ్ దాన్ని 'సబ్‌మిట్_బయో_నోఅక్కౌంట్' అని మార్చారు. పాత పేరు ఎప్పుడూ తికమక పెట్టేదే అన్నది ఆ మార్పుకు చెప్పిన కారణం. 'సబ్‌మిట్_బయో' అనే ఫంక్షన్‌లోంచి లెక్కలు రాసే పనినీ కొన్ని పరీక్షలనూ తీసేస్తే మిగిలేది ఇదేనని కొత్త పేరు తెలియజేస్తుంది. మార్పుకు ముందూ తర్వాతా డిస్కులు ఒకే విధంగా పనిచేశాయి.

ఇదే కోవలో మరి మూడు ఉదాహరణలు ఉన్నాయి. లైనక్స్‌లో 'పేజ్_సైజ్', 'పేజ్_క్యాష్_సైజ్' అని రెండు పేర్లు ఉండేవి. పేజ్ క్యాష్‌లోని ముక్క ఏనాటికైనా పేజీకంటే పెద్దది కావచ్చన్న ఆలోచనతో రెండో పేరును వేరుగా పెట్టారు. ఆ రోజు రాలేదు, రెండిటి విలువా ఒకటిగానే ఉండిపోయింది. ఎక్కడ ఏది వాడాలన్న సందేహం మాత్రం కోడ్ రాసేవారికి మిగిలింది. 2016లో 4.6 వెర్షన్‌లో రెండో పేరును తొలగించారు. అదే సంవత్సరం 4.8 వెర్షన్‌లో దీనికి ఎదురు సమస్యను సరిచేశారు. 'రెక్_ఫ్లష్' అనే ఒకే గుర్తు రెండు పనులకు చెల్లేది. డిస్కు తన తాత్కాలిక క్యాష్‌లో ఉన్నదంతా శాశ్వత మాధ్యమంలోకి దించాలన్న స్వతంత్ర ఆజ్ఞ ఒకటి, ఒక రాతపనికి ముందు అలా దించాలన్న షరతు మరొకటి. మొదటిదానికి 'రెక్_ఆప్_ఫ్లష్' అనీ, రెండోదానికి 'రెక్_ప్రీఫ్లష్' అనీ వేర్వేరు పేర్లు ఏర్పడ్డాయి.

మూడోది పోస్ట్‌గ్రెస్‌ది. ఈ డేటాబేస్ ప్రతి మార్పునూ అసలు ఫైళ్లలో రాయకముందే ఒక చిట్టాలో రాసుకుంటుంది. కరెంటు పోయినా సర్వర్ కూలినా ఆ చిట్టాను తిరిగి చదివే కోలుకుంటుంది. ఆ చిట్టా ఉండే డైరెక్టరీకి అప్పట్లో 'పీజీ_ఎక్స్‌లాగ్' అని పేరు. ఏ లావాదేవీ ఖరారయింది, ఏది రద్దయింది అన్నది ఒక్కోదానికి రెండు బిట్ల చొప్పున దాచే డైరెక్టరీ పేరు అప్పుడు 'పీజీ_సీలాగ్'. డిస్కు నిండిపోయినప్పుడు కొందరు నిర్వాహకులు 'లాగ్' అన్న మాట చూసి, ఇవి పాత సందేశాల ఫైళ్లు కాబోలనుకుని తుడిచేశారు. పోయిన డేటా తిరిగి రాలేదు. 2017 అక్టోబరులో విడుదలైన 10వ వెర్షన్‌లో మొదటిది 'పీజీ_వాల్' అయింది, రెండోది 'పీజీ_ఎక్సాక్ట్' అయింది. 'పీజీ_స్విచ్_ఎక్స్‌లాగ్' వంటి ఫంక్షన్ల పేర్లలోనూ 'ఎక్స్‌లాగ్' స్థానంలో 'వాల్' వచ్చింది. అలాంటి నష్టాలను ఆపడానికే ఈ మార్పు చేశామని విడుదల పత్రంలోనే రాశారు.

సంశయం

పని మారలేదు, ఫలితం మారలేదు, వేగం మారలేదు. అలాంటప్పుడు పేరు మారినందువల్ల మారింది ఏమిటి? ఏదీ మారకపోతే ఈ శ్రమ వృథా. ఏదో మారిందంటే, పాత పేరు ఉన్నంతకాలం ఏదో లోపం ఉన్నట్టే. ఆ లోపం కేవలం అసౌకర్యమా, లేక అసత్యమనదగినదా అన్నది ఇక్కడి సంశయం.

పూర్వపక్షం

పేరుకు సత్యాసత్యాలు లేవనే పక్షానికి మూడు యుక్తులు ఉన్నాయి.

మొదటిది వస్తువు దృష్టి నుంచి వచ్చేది. కంపైలర్ పని ముగిశాక ప్రాసెసర్‌కు మిగిలేవి ఆజ్ఞలూ చిరునామాలూ. ఫంక్షన్‌ను ఏ పేరుతో పిలిచినా యంత్రం దూకే చోటు అదే. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు ఇలాంటి మాటే బోధిస్తాడు. కుండ, మూకుడు అనేవి వాక్కును ఆశ్రయించిన వికారాలు, నామధేయాలు, మట్టి ఒక్కటే సత్యం. ఆ తీరున చూస్తే కోడ్‌లో ఆజ్ఞలే మట్టి, పేరు పైపూత. పైపూతను సత్యమో అసత్యమో అనడం అర్థం లేని మాట.

రెండోది భాష దృష్టి నుంచి వచ్చేది. శబ్దానికీ అర్థానికీ ఉన్న సంబంధం పుట్టుకతోనే నిత్యమని మీమాంసకులు అన్నారు. ఈ పదానికి ఈ అర్థం అన్న సంకేతమే ఆ సంబంధమని నైయాయికులు అన్నారు. ప్రాచీనులు దాన్ని ఈశ్వర సంకేతమంటే, నవ్యులు మనుషులు పెట్టుకున్న సంకేతాన్నీ అంగీకరించారు. ఫంక్షన్ల పేర్లు మనుషులు పెట్టినవేననడంలో వివాదం లేదు. సంకేతం తెలిసినవారికి ఏ పేరైనా చెల్లుతుంది. పైగా మాటలోని భాగాలు చెప్పే అవయవార్థం చచ్చిపోయినా మాటలు హాయిగా బతుకుతాయి. నువ్వుల నుంచి తీసినదానికి పుట్టిన 'నూనె' అన్న మాట ఇవాళ కొబ్బరికీ వేరుశనగకూ చెల్లుతోంది. వీణ వాయించడం రానివాణ్ణి కూడా 'ప్రవీణుడు' అంటారు, దర్భలు కోయనివాణ్ణి 'కుశలుడు' అంటారు. ఆలంకారికుడు మమ్మటుడు 'కుశల' శబ్దాన్ని రూఢికి, అంటే వాడుకలో స్థిరపడిన అర్థానికి, ఉదాహరణగా చూపాడు. ఇవి అబద్ధాలు కానప్పుడు, రిక్వెస్ట్ తయారుచేయని 'మేక్_రిక్వెస్ట్' మాత్రం అబద్ధం ఎలా అవుతుంది?

మూడోది వ్యవహార దృష్టి నుంచి వచ్చేది. పాతుకుపోయిన పేరు ఎందరికో అలవాటయింది. పుస్తకాల్లో అచ్చయింది, పాత ప్యాచ్‌లలో ఉంది, కెర్నెల్‌కు బయట ఉండే డ్రైవర్లు దాన్నే పిలుస్తున్నాయి. మారిస్తే వాళ్లందరికీ పని పెరుగుతుంది. పని పెంచి ఫలితం పెంచని మార్పును ధర్మం అనలేం.

సిద్ధాంతం

పేర్లన్నీ ఒక జాతివి కావు అన్న గుర్తింపుతో సమాధానం మొదలవుతుంది. పతంజలి మహాభాష్యం శబ్దాల ప్రవృత్తిని నాలుగు విధాలుగా చూపింది: జాతిని చెప్పేవి, గుణాన్ని చెప్పేవి, క్రియను చెప్పేవి, యదృచ్ఛగా పెట్టినవి. ఒక పదాన్ని ఒకచోట వాడడానికి ఆధారమైనదాన్ని ప్రవృత్తినిమిత్తం అంటారు. యదృచ్ఛా శబ్దానికి అలాంటి నిమిత్తం అక్కర్లేదు. ధర్మరాజు అని పేరున్న మనిషి అధర్మం చేస్తే, పేరు పెట్టిన తల్లిదండ్రులు అబద్ధమాడారని ఎవరూ అనరు. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇలాంటి పేర్లు ఉన్నాయి. సెఫలోపాడ్ అనే జీవవర్గం నుంచి వచ్చిన 'సెఫ్' అన్నది ఒక స్టోరేజ్ వ్యవస్థ పేరు. ఆ పేరు దేన్నీ వాదించదు, కనుక అది అసత్యం కాలేదు.

ఫంక్షన్ పేరు అలాంటిది కాదు. అది క్రియా శబ్దం. 'తయారుచేయి', 'పంపు', 'విడుదల చేయి' అంటూ ఒక పనిని చెబుతుంది, ఆ పనే దాని ప్రవృత్తినిమిత్తం. నిమిత్తం ఉన్నంతకాలం పేరు సార్థకం, తొలగిపోతే నిరాధారం. 'ఇది రిక్వెస్ట్‌ను తయారుచేస్తుంది' అన్న పూర్తి వాక్యాన్ని కుదించి చెప్పినదే ఆ పేరు. వాక్యానికి సత్యాసత్యాలు ఉన్నప్పుడు దాని కుదింపుకూ ఉంటాయి. 1991లో ఆ వాక్యం నిజం, 2020 నాటికి కాదు. మొదటి యుక్తి ఇక్కడే వీగిపోతుంది. పేరు ఆజ్ఞలకు వేసిన పైపూత కాదు, ఆజ్ఞల గురించి మనిషి మనిషికి చెప్పే మాట. యంత్రానికి అది అక్కర్లేకపోవడం నిజమే. అది యంత్రం కోసం పెట్టింది కాదు.

ఆ మాటకు జ్ఞానంలో ఉన్న స్థానం శబ్దప్రమాణానిది. తెలుగు నేలకు చెందిన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం నేటికీ న్యాయశాస్త్ర విద్యార్థుల మొదటి పుస్తకం. అందులో శబ్దప్రమాణాన్ని ఆప్తుడి వాక్యంగా, ఆప్తుణ్ణి ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పేవాడిగా నిర్వచించాడు. కోడ్ చదివేవాడు ప్రతి ఫంక్షన్ లోపలికీ వెళ్లి ప్రత్యక్షంగా చూడలేడు. లైనక్స్ కెర్నెల్ వంటి దానిలో అది ఒక జీవితకాలానికి మించిన పని. డ్రైవర్ రాసే మనిషి పది ఫంక్షన్లను పిలిస్తే, బహుశా ఒకటిరెండిటి లోపలే చూసి ఉంటాడు. మిగిలినవాటి విషయంలో పేరునే నమ్ముతాడు. కోడ్ గురించిన జ్ఞానంలో అధికభాగం ఇలా పేర్ల సాక్ష్యం మీదే నిలుస్తుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పని పేరు ఆప్తుడు కాలేదు. దాన్ని నమ్మినవాడికి కలిగేది ప్రమ కాదు, భ్రమ.

రెండో యుక్తిలో ఒక నిజం ఉంది. రూఢి అయిన మాట అవయవార్థాన్ని కోల్పోయినా దోషం లేదు. అది నిర్దోషం కావడానికి కారణమూ చూడాలి. పిల్లలు మాటలు నేర్చుకునేది వృద్ధవ్యవహారం ద్వారా అని మీమాంసకులూ నైయాయికులూ అన్నారు. ఒక పెద్దవాడు ఆవును తీసుకురమ్మంటాడు, ఇంకొకడు తెస్తాడు, పక్కనున్న పిల్లవాడు అది చూసి 'ఆవు' అంటే ఏమిటో గ్రహిస్తాడు. 'నూనె' అన్న మాటనూ అలాగే నేర్చుకుంటాడు. దాన్ని విడగొట్టి నువ్వులను ఊహించుకునే అవసరం ఎవరికీ రాదు. రూఢి ఎక్కడ అందరికీ ముందే తెలిసి ఉంటుందో అక్కడ అవయవార్థం నశించినా ఎవరూ మోసపోరు.

కోడ్ చదివే కొత్తవాడికి ఆ వృద్ధవ్యవహారం అందుబాటులో లేదు. ఓపెన్ సోర్స్ పనిలో చేరేవారు ఎక్కడెక్కడి నుంచో వస్తారు, తరచు పెద్దలెవరి పక్కనా కూర్చోకుండా నేరుగా కోడ్‌నే తెరుస్తారు. అక్కడ వేలాది పేర్లు అవయవార్థంతోనే అర్థమవుతాయి, కనుక ఏ పేరునైనా విడగొట్టి చదవడం వారికి సహజం. 'జెనెరిక్_మేక్_రిక్వెస్ట్' ఏళ్ల తరబడి పనిచేస్తున్నవారికి రూఢంగా ఉండేది. కొత్తవారికి అది యౌగికం, అంటే భాగాల అర్థంతో చదివే మాట. ఒకే పేరు ఒకరికి నిజం చెబుతూ ఇంకొకరికి తప్పు చెప్పేది. ఎవరికి సాక్ష్యం ఎక్కువ అవసరమో వారికే తప్పు సాక్ష్యం దొరికేది. సాధారణ భాషలో చెల్లే రూఢి కోడ్‌లో చెల్లకపోవడానికి కారణం ఇది.

ఇక అసత్యమన్న ఆరోపణ. యోగసూత్రాల సాధనపాదంలో యమాలను చెప్పే సూత్రానికి వ్యాసభాష్యం సత్యాన్ని సూక్ష్మంగా విడమరచింది. తనకు తెలిసినదాన్ని ఇతరులకు చేరవేయడానికే వాక్కు ఉన్నది, కాబట్టి అది వంచించేది కాకూడదు, భ్రాంతమైనది కాకూడదు, వినేవాడికి ఏ జ్ఞానమూ కలిగించని గొడ్డుమాట కాకూడదు అని ఆ భాష్యం సారం. పైగా సర్వప్రాణుల మేలుకు ఉపయోగపడాలి, వారి హానికి కాదు. మనసులో ఉన్నది పైకి చెప్పడంతోనే సత్యం పూర్తికాదు, వినేవాడి బుద్ధిలో సరైన జ్ఞానం కలగడం వరకూ దాని పరిధి సాగుతుంది.

ఈ గీటురాయి మీద పేర్లను పరీక్షించవచ్చు. 'జెనెరిక్_మేక్_రిక్వెస్ట్' భ్రాంతమైన వాక్కు, జరగని పనిని జరుగుతున్నట్టు చెప్పింది. 'పేజ్_క్యాష్_సైజ్' కూడా భ్రాంతమే, లేని భేదాన్ని చూపింది. 'రెక్_ఫ్లష్' ఉన్న భేదాన్ని కప్పింది. ఏ పనో చెప్పకుండా ఏదో సహాయం చేస్తానన్నట్టు ఉండే 'హెల్పర్', 'డూ_వర్క్' వంటి పేర్లు గొడ్డుమాటలు, చదివినవాడికి వాటివల్ల ఏమీ తెలియదు. 'పీజీ_ఎక్స్‌లాగ్' విషయం వేరు, అదే అన్నిటికంటే గంభీరమైనది. దానిలో తప్పుమాట లేదు. అది లావాదేవీల చిట్టాయే, డేటాబేస్ శాస్త్రంలో దాన్ని లాగ్ అనే అంటారు. చెప్పినవాడి అర్థంలో మాట నిజం, విన్నవాడి అర్థంలో కాదు.

ఆ పరిస్థితికి భారతీయ సంప్రదాయంలో ప్రసిద్ధమైన ఉదాహరణ అశ్వత్థామ మరణం గురించి ధర్మరాజు ద్రోణుడికి చెప్పిన మాట. వ్యాసభాష్యానికి తత్త్వవైశారది అనే టీక రాసిన వాచస్పతి మిశ్రుడు వంచనకు దాన్నే ఉదాహరణగా చూపాడు. చెప్పినవాడి మనసులో అశ్వత్థామ అనే ఏనుగు ఉంది, విన్నవాడి మనసులో అదే పేరున్న కొడుకు ఉన్నాడు. అయితే ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ధర్మరాజుకు ద్రోణుడు ఏమనుకుంటాడో తెలుసు. 'పీజీ_ఎక్స్‌లాగ్' అని పేరు పెట్టినవారికి, దాన్ని ఎవరైనా తుడిచేస్తారని తెలియదు. కనుక పేరు పెట్టడంలో వంచన లేదు. కానీ డేటా పోగొట్టుకున్నవారి సంగతులు చెవిన పడ్డాక పరిస్థితి మారింది. వినేవాడు ఏమనుకుంటాడో అప్పటికి తెలిసిపోయింది. తెలిసీ అదే పేరు కొనసాగిస్తే ధర్మరాజు మాటకూ దానికీ ఉన్న తేడా చెరిగిపోతుంది.

దీన్నిబట్టి బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది. పెట్టినప్పుడు నిజమైన పేరు తర్వాత అసత్యమైతే, పెట్టినవారిని తప్పుపట్టడం న్యాయం కాదు. 1991 నాటి పేరు 1991లో సత్యవాక్కే. అయితే పేరు ఒకసారి పలికి ఊరుకునే మాట కాదు. చదివే ప్రతివాడికీ అది మళ్లీ పలుకుతూనే ఉంటుంది. ఒక ఫంక్షన్ పనిని మార్చినవాడు ఆ క్షణం నుంచి దాని పేరును తన మాటగా పలుకుతున్నాడు. కోడ్‌ను కాపాడే మెయింటెయినర్ దాన్ని ప్రతి విడుదలలోనూ పలుకుతున్నాడు. పేరులోని సత్యం దాన్ని పుట్టించినవారి దగ్గర ఆగిపోదు, దాన్ని పోషిస్తున్నవారికి సంక్రమిస్తుంది. పని మార్చి పేరు వదిలేయడం సగం సత్యంతో సరిపెట్టుకోవడం.

పేరును మార్చడం, పనిని దిద్దడం

పేరుకూ పనికీ పొత్తు కుదరనప్పుడు సరిచేయడానికి రెండు దారులు ఉన్నాయి. పనికి తగ్గట్టు పేరు మార్చడం ఒకటి, పేరుకు తగ్గట్టు పనిని దిద్దడం రెండోది. చైనాలో కన్ఫ్యూషియస్ బోధించిన నామశుద్ధి ప్రధానంగా రెండో దారిని చూపుతుంది. పాలకుడు పాలకుడిగా, తండ్రి తండ్రిగా నడుచుకోవాలి. పేరు ఒక ప్రమాణం, మనిషి దాన్ని అందుకోవాలి. పేర్లు సరిగా లేకపోతే మాటలు పొసగవు, మాటలు పొసగకపోతే పనులు సాగవు అన్న క్రమాన్ని ఆయన సంభాషణల సంకలనమైన అనలెక్ట్స్ చెబుతుంది.

స్టోరేజ్ కోడ్‌లో ఈ రెండో దారికి ఉదాహరణ 'ఎఫ్‌సింక్'. ఒక ఫైలులో రాసినదాన్ని శాశ్వత మాధ్యమానికి చేర్చమని ప్రోగ్రాం కెర్నెల్‌ను కోరే పిలుపు ఇది. ఆ పిలుపు సఫలమైందంటే డేటా భద్రమని పిలిచినవాడు నమ్ముతాడు. రాత విఫలమైతే లైనక్స్ ఒకసారి తప్పు చూపి, రెండోసారి పిలిచినప్పుడు డేటా చేరకపోయినా సఫలమని చెప్పే సందర్భాలు ఉన్నాయని 2018లో పోస్ట్‌గ్రెస్ బృందం గుర్తించింది. ఆ పేరును మార్చడం సాధ్యం కాదు, మార్చవలసిన పనీ లేదు. పేరు చేసిన వాగ్దానం సరైనదే, లోపం నడవడిలో ఉంది. అందుకే పోస్ట్‌గ్రెస్ 2019 ఫిబ్రవరి విడుదలల్లో తన నడవడిని మార్చుకుంది. 'ఎఫ్‌సింక్' విఫలమైతే మళ్లీ ప్రయత్నించడం మానేసి, సర్వర్‌ను ఆపి, చిట్టా నుంచి కోలుకునేలా చేసింది. యాపిల్ మ్యాక్ వ్యవస్థలో 'ఎఫ్‌సింక్' డిస్కు సొంత క్యాష్‌ను ఖాళీ చేయించదు, అందుకు 'ఎఫ్_ఫుల్‌ఎఫ్‌సింక్' అనే వేరే ఆజ్ఞ ఇవ్వాలి. ఒక పేరు ఎంతవరకు మాట ఇస్తుందో స్పష్టంగా తెలియకపోతే డేటా పోయే ప్రమాదం ఉందని ఇది తెలుపుతుంది.

ఏ దారి ఎక్కడ తగినదో నిర్ణయించే సూత్రం ఇలా చెప్పవచ్చు. పేరు మంచి వాగ్దానం చేసి పని దాన్ని నిలుపుకోకపోతే పనిని దిద్దాలి. పని సరిగా ఉండి పేరు దాన్ని తప్పుగా చెబితే పేరును మార్చాలి.

ధర్మసంకటం

పూర్వపక్షంలోని మూడో యుక్తిని తోసిపుచ్చలేం. పేరు సాక్ష్యమే కాదు, నలుగురూ కలిసి చేసుకున్న ఒడంబడిక కూడా. దాన్ని నమ్మి రాసిన ప్రోగ్రాంలను పేరుమార్పు విరగ్గొడుతుంది. కొత్తవారి పట్ల సత్యం, పాతవారి పట్ల మాట నిలుపుకోవడం అనే రెండు ధర్మాలు ఇక్కడ ఎదురెదురవుతాయి.

లైనక్స్ దీన్ని ఒక గీత గీసి పరిష్కరించింది. కెర్నెల్ లోపలి పేర్లు ఎప్పుడైనా మారవచ్చు, అవి అలాగే ఉంటాయన్న హామీ లేదు. వాటిని పిలిచే కోడ్ అంతా ఒకేచోట ఉంటుంది గనుక, పేరు మార్చేవాడే పిలిచే చోట్లన్నీ దిద్దుతాడు. ఆ భారం మార్పు చేసేవాడిదే. వాడుకరుల ప్రోగ్రాంలు ఆధారపడే బయటి పేర్లు మాత్రం మారవు. యూనిక్స్ తొలినాళ్లలో ఫైలును సృష్టించే పిలుపుకు పెట్టిన 'క్రియాట్' అన్న పేరులో చివరి 'ఇ' అక్షరం లేదు. యూనిక్స్‌ను మళ్లీ రాస్తే ఏం మారుస్తారని అడిగినప్పుడు దాని సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ ఆ అక్షరాన్నే ప్రస్తావించారు. అర్ధశతాబ్దం గడిచినా ఆ పేరు అలాగే ఉంది, ఉండడమే న్యాయం. అక్షరం లోపించింది కానీ అర్థం చెడలేదు. చదివినవాడు దానివల్ల తప్పు తెలుసుకోడు. కుదురులేని రూపం అసత్యం కాదు, దానికోసం వేలమందికిచ్చిన మాట తప్పనక్కర్లేదు.

పోస్ట్‌గ్రెస్ చేసినది అంతకంటే కష్టమైన నిర్ణయం. 'ఎక్స్‌లాగ్' బయటి పేరు. మార్చినందువల్ల బ్యాకప్, పర్యవేక్షణ స్క్రిప్టులు ఎన్నో తిరగరాయవలసి వచ్చింది. అయినా ఆ అసౌకర్యం ఒకసారి వచ్చి పోయేది, పోయిన డేటా తిరిగి రానిది. సత్యం సర్వప్రాణుల హితానికి అన్న వ్యాసభాష్య నియమం ఇక్కడ నేరుగా అన్వయిస్తుంది. తప్పు గ్రహింపు వల్ల కలిగే హాని దిద్దుకోలేనిదైతే, ఒడంబడిక కంటే సత్యానికే బరువు ఎక్కువ. అప్పుడు కూడా పెద్ద విడుదల దాకా ఆగి, ముందుగా చెప్పి మార్చడం పాతవారి పట్ల చూపవలసిన మర్యాద.

కొత్త పేరు పరిమితి

మార్చిన పేరు పరిపూర్ణ సత్యమవుతుందనుకోవడం కూడా పొరపాటే. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు అపోహ సిద్ధాంతంలో, శబ్దం వస్తువును నేరుగా పట్టుకోదనీ, అది కానివాటిని తొలగించడం ద్వారానే అర్థాన్నిస్తుందనీ అన్నాడు. 'సబ్‌మిట్_బయో_నోఅక్కౌంట్' దాదాపు అలాంటి పేరే. తానేమిటో కాక తనలో ఏది లేదో చెప్పి, 'సబ్‌మిట్_బయో' నుంచి తనను వేరు చేసుకుంటుంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఆ రెండో ఫంక్షన్ తెలిసి ఉండాలి. పైగా 'లెక్కలు లేవు' అన్న మాట కూడా పూర్తిగా చెల్లదు. మెమరీ గణాంకాలూ ఒక్కో ప్రాసెస్ చేసిన ఇన్‌పుట్ అవుట్‌పుట్ లెక్కలూ అందులో లేవు గానీ, ప్రాసెస్‌ల సమూహాలైన సీగ్రూపుల వారీగా బయోలను లెక్కించే పని ఆ దారిలోనే జరుగుతుంది. తర్వాతి కాలంలో 'సబ్‌మిట్_బయో_నోఅక్కౌంట్_నోచెక్' అనే ఇంకో నిషేధం తగిలించుకున్న పేరు కూడా పుట్టింది.

దీనివల్ల పేరుమార్పు వ్యర్థమని తేలదు. పేరులోని సత్యానికి తరతమాలు ఉన్నాయని తేలుతుంది. వ్యవహార సత్యంలో ఎక్కువ నిజమూ తక్కువ నిజమూ ఉంటాయి. పాత పేరు చదివినవాడు జరగని పనిని నమ్మాడు. కొత్త పేరు చదివినవాడు జరిగే పనిని, కొంత అస్పష్టతతో, నమ్ముతాడు. భ్రమ నుంచి అసంపూర్ణ జ్ఞానానికి రావడం చిన్న లాభం కాదు. సంశయంలో మొదట అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇదే. పేరు మారితే యంత్రంలో ఏదీ మారదు, చదివేవాడి జ్ఞానం మారుతుంది. పేరు ఉన్నదే ఆ జ్ఞానం కోసం గనుక, మారవలసినదే మారింది.

ఆచరణ

పై విచారం నుంచి కొన్ని నియమాలు వస్తాయి. ఒక ఫంక్షన్ పనిని మార్చేవాడు దాని పేరు ఇంకా నిజమేనా అని అప్పుడే చూసుకోవాలి. ఆ ప్రశ్నను తర్వాతివారికి వదిలేయకూడదు. పేరుమార్పునూ పనిమార్పునూ ఒకే ప్యాచ్‌లో కలపకూడదు. కలిపితే సమీక్షించేవారికి ఏది మాట మార్పో ఏది పని మార్పో తెలియదు, సత్యాన్ని సరిచేయడానికి చేసిన మార్పే కొత్త తికమకకు కారణమవుతుంది. పేరు ఎందుకు మారిందో మార్పు వివరణలో రాయాలి. పాత పేరుతో వెతికేవాడికి అది కొత్త పేరు దాకా దారి చూపుతుంది. ఒక పనికి ఒకే పేరు, ఒక పేరుకు ఒకే పని ఉండేలా చూడాలి. లోపలి పేరైతే పిలిచే చోట్లన్నీ మార్చేవాడే దిద్దాలి. బయటి పేరైతే, దానివల్ల కలిగే తప్పు గ్రహింపు ఎవరికైనా తీరని నష్టం చేస్తుందా అని ముందు తూచాలి. చేయదంటే పేరును ఉంచి, దాని అసలు పనిని పత్రాల్లో స్పష్టంగా రాయాలి. చేస్తుందంటే తగిన గడువిచ్చి మార్చాలి.

పేరు చదివి పొరబడినవారి మాటను, ముఖ్యంగా కొత్తవారి మాటను, అజ్ఞానమని తోసిపుచ్చకూడదు. రూఢికి అలవాటుపడినవారికి కనిపించని అసత్యం మొదట వారికే కనిపిస్తుంది. ఆ మాట విన్నాక కూడా పేరును అలాగే ఉంచాలంటే పాతవారికిచ్చిన మాట వంటి బలమైన కారణం ఉండాలి, అలవాటు ఒక్కటే కారణంగా చాలదు.